నల్లరాయి బరువు

మా అవ్వ ఆవకాయ జాడీ మూత మీద ఎప్పుడూ ఒక నల్లరాయి కూర్చుని ఉండేది. పిడికిలికన్నా రవ్వంత చిన్నది. ఇంటికి కొత్తగా వచ్చినవాళ్లెవరైనా మామూలు రాయే కదా అని వేళ్ల కొసలతో ఎత్తబోతే చెయ్యి కిందికి గుంజుకుపోయేది. వాళ్ల మొహం చూసి మేం పిల్లలం పగలబడి నవ్వేవాళ్లం. ఆ రాయి కిలో తూగుతుందని అవ్వకు ఎవరు చెప్పారో గానీ ఊరంతా ఆ మాట నమ్మింది. చింతపండో మిరపకాయలో కొనేటప్పుడు అంగడివాడి తూకం మీద అనుమానమొస్తే పక్కింటివాళ్లు వచ్చి, “అత్తా, నీ నల్లరాయి రోంత ఇయ్యి” అని పట్టుకెళ్లేవాళ్లు. సాయంత్రానికి అది మళ్లీ జాడీ మీదికి చేరేది.

దాన్ని తాత గని డంపులోంచి ఏరి తెచ్చాడు. మా చుట్టుపక్కల ఊళ్లన్నీ బతికింది మెరిసే రాయి మీద, పలచటి రాయి మీద, ఊదితే ఎగిరిపోయే రాయి మీద. ఆ మెరుపుల లోకంలో మెరవని, బరువైన రాయికి దొరికిన ఉద్యోగం ఊరగాయ కాపలా.

మాది నెల్లూరు మైకా సీమ. గూడూరులో రైలు దిగి సైదాపురం, రాపూరు వైపు వెళ్లే బస్సెక్కితే కాసేపటికి రోడ్డు పక్క ఎర్రమట్టి తళుక్కుమనడం మొదలయ్యేది. గూడూరు నుంచి సంగం దాకా కొడవలిలా వంగిన పట్టీ అది. పొడవు 60 మైళ్లు, వెడల్పు 8, 10 మైళ్లు. కలిచేడు, ఊటుకూరు, ఇనికుర్తి, శంకర, తెల్లబోడు అని గనుల పేర్లు మాకు చుట్టాల ఊళ్ల పేర్లలా నోట్లో ఆడేవి. బడి పుస్తకంలో దాన్ని అభ్రకం అన్నారు. పెద్దవాళ్లు కాకిబంగారం అనేవాళ్లు. గనిలో మాత్రం అందరూ మైకా అనే అనేవాళ్లు. బీహారు మైకా కెంపు రంగుది, మాది పచ్చఛాయది. దొంతరగా ఉన్నప్పుడు లేత చెరువునీటి రంగు. ఒక్కో రేకు విడదీస్తే ఆ రంగు ఎటు పోతుందో తెలిసేది కాదు.

తెల్లవారుజామున గంట కొట్టేవాళ్లు. మగవాళ్లు చద్దిమూట, కార్బైడ్ దీపం పట్టుకుని బయలుదేరేవాళ్లు. కార్బైడ్ మీద నీళ్లు పడ్డప్పుడు వచ్చే ఘాటు వాసన మా నాన్న చొక్కాను ఎన్ని ఉతుకులు ఉతికినా వదిలేది కాదు. లోపల ఉలి, చమ్మట, గడ్డపార. పైకి తట్టలు మోసేది ఆడవాళ్లు. మధ్యాహ్నం మందు పేల్చే ముందు ఎర్రగుడ్డ ఊపి కేకేస్తే చుట్టుపక్కల చేలల్లోని మేకలు కూడా తమంతట తామే దూరం జరిగేవి. దానికి అంత అలవాటు పడిపోయాయి.

గని పక్కనే రేకుల షెడ్డు. అందులో వందమందికి పైగా ఆడవాళ్లు వరసల్లో బాసింపట్లు వేసుకుని కూర్చుని మైకా చీల్చేవాళ్లు. నేల నుంచి తీసిన మైకా దిమ్మను ఇంగ్లీషు దొరలు బుక్ అనేవారట. నిజంగానే పుస్తకంలాగే ఉండేది. అంచులో చాకు మొన దూర్చి, రవ్వంత తిప్పితే పేజీలా విడిపోయేది. మరకలున్న అంచు కత్తెరతో తీసేసి, నంబరు ప్రకారం కుప్ప పోసేవాళ్లు. ఆరో నంబరంటే చిన్న ముక్క. అంకె తగ్గేకొద్దీ రేకు పెద్దది. మా అమ్మ చూడకుండానే నంబరు చెప్పేది. ముక్క బొటనవేలికి ఎంతవరకు వచ్చిందో దానికే తెలుసు. ఆమె వేళ్ల మీద చాకుగాట్లు సన్నటి తెల్లగీతల్లా, అరిగిపోయిన రేఖల్లా ఉండేవి.

ఆ తళుకు మమ్మల్ని ఎక్కడా వదిలేది కాదు. అమ్మ జడలో, నాన్న కనుబొమ్మల మీద, రాత్రి పక్కబట్టల్లో, ఒక్కోసారి కూట్లో కూడా. సంక్రాంతికి గొబ్బెమ్మల మీద పసుపూ కుంకుమతో పాటు మైకా పొడి చల్లేవాళ్లం. వెన్నెల రాత్రి బండిబాట మీద నడుస్తుంటే ఆకాశం ఏదో నేల ఏదో తేడా తెలియనట్టు ఉండేది. పేదవాళ్ల వీధిలో అంత వెలుగు దేశంలో ఇంకెక్కడా ఉండి ఉండదు.

ఈ మెరుపంతా ఎటు పోతోందో మాకు చూచాయగా తెలుసు. గూడూరు రైల్వేస్టేషన్‌కి చెక్కపెట్టెలు వెళ్లేవి, అక్కణ్నుంచి మద్రాసు ఓడరేవుకి. వేడికి కాలదు, కరెంటును పారనివ్వదు, కావలసినంత పలచగా చీలుతుంది. రేడియోల్లో, కండెన్సర్లలో, మోటార్లలో దానికి సాటి లేదు. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా, బ్రిటన్ కలిసి మన దేశపు మైకా కోసమే జాయింట్ మైకా మిషన్ పెట్టాయి. ఆ రోజుల్లో నెల్లూరు గనులు రాత్రీ పగలూ నడిచాయని తాత చెప్పేవాడు. ఆయన చెప్పే యుద్ధం కథలో హిట్లరు ఉండడు, బాంబులుండవు. “ఆ యేడు రాత్రిపూట కూడా దిగినాం” అనేదొక్కటే ఆయన యుద్ధం.

ఇక డంపు. మైకా తీశాక మిగిలినదంతా పోసే గుట్ట. గనికి పక్కనే గనికన్నా ఎత్తుగా పెరిగేది. తెల్లటి పలుగురాయి, మాంసం రంగు ఫెల్డ్‌స్పార్, చెడిపోయిన మైకా తుక్కు, నల్లటి రాళ్లు. మాకు బడి వదలగానే అదే ఆటస్థలం. తుక్కు మైకా ఏరి ఇస్తే షెడ్డు మేస్త్రి బొరుగులు కొనుక్కునేంత డబ్బులిచ్చేవాడు. ఒక్కోసారి ఆరుపలకల పచ్చరాయి దొరికేది. అది బెరిల్ అని, దానికి వేరే లెక్క ఉందని అందరికీ తెలుసు. నల్లరాళ్ల సంగతి మాత్రం ఎవరికీ పట్టేది కాదు, తాతకు తప్ప.

తాత అప్పటికి గనిలోకి దిగడం మానేశాడు. దగ్గు. సాయంత్రాలు డంపు అంచున కూర్చుని మేం తెచ్చే రాళ్లు చూసేవాడు. చూసేవాడు అనడం తప్పు, ఆయన కళ్లు మసక. రాయి అరచేతిలో పెట్టించుకుని ఒకటి రెండుసార్లు ఎగరేసేవాడు. అంతే. “దొంగరాయి, అవతల పారెయ్” అనేవాడు. లేదంటే మాట్లాడకుండా పంచె కొంగులో వేసుకునేవాడు.

దొంగరాయి ఏదో నాకు అర్థం కావడానికి ఒక ఎండాకాలం పట్టింది. అది టూర్మలీన్. బొగ్గులా నల్లగా, పొడవునా గాళ్లతో, నిగనిగలాడుతూ ఉంటుంది. చూపుకి అసలైనదానికన్నా అదే అందంగా ఉంటుంది. కానీ చేతిలో తేలిక. నీటికి మూడు రెట్ల బరువు, పలుగురాయికన్నా కొంచెమే ఎక్కువ. తాత నా రెండు చేతుల్లో ఒకే సైజు రాళ్లు పెట్టి కళ్లు మూయించేవాడు.

“అబ్బయ్యా, కన్ను మోసం జేస్తది. సెయ్యి జెయ్యదు. ఏ సెయ్యి కిందికి పోతాండాదో సెప్పు.”

కుడిచెయ్యి అన్నాను. అది కొలంబైట్ అని తర్వాతెప్పుడో తెలిసింది. అప్పటికి దాని పేరు ‘బరువురాయి’.

చేతి పరీక్ష నెగ్గినా తాత వెంటనే ఒప్పుకునేవాడు కాదు. పాడైపోయిన రేడియో స్పీకరులోంచి తీసిన అయస్కాంతం ఒకటి ఆయన దగ్గర ఉండేది. దాన్ని రాయికి ఆనించేవాడు. గట్టిగా అతుక్కుంటే మాగ్నెటైట్, ఇనుపరాయి. అదీ బరువే, కానీ పనికిరాదు. తర్వాత పగిలిన పింగాణీ కప్పు అడుగు. అక్కడ మెరుగు పూత ఉండదు కాబట్టి గరుగ్గా ఉంటుంది. దానిమీద రాయిని గీస్తే గీత రంగు తెలుస్తుంది. రాయి నల్లగా ఉన్నా గీత నల్లగా ఉండాలని లేదు. దొంగరాయి పింగాణీకన్నా గట్టిది, కప్పునే గీరుతుంది గానీ తన రంగు ఇవ్వదు. ఇనుపరాయి నల్లగీత ఇస్తుంది. మన రాయి గీతలో ఎండిన రక్తం లాంటి ముదురు ఎరుపు ఛాయ ఉంటుంది. ఆఖరున రాయిని ఎండలో అటూ ఇటూ తిప్పమనేవాడు. పలకగా, బిళ్లగా ఉన్న ముఖం మీద పావురం మెడలోలా నీలం ఒక్క క్షణం కదిలితే, “ఆఁ, అదే” అనేవాడు. ఆయనకు నీలం కనిపించేది కాదు. నేను చెప్పాలి. ఆ ఒక్క పనికే నన్ను పక్కన కూర్చోబెట్టుకునేవాడని నా గర్వం.

బరువురాళ్లలో ఇంకో రకం ఉండేది. దాన్ని గనిలోనే, రాయి రాతిలో ఉన్నప్పుడే పసిగట్టాలి. తాత అది నాకు డంపులో ఒక పెద్ద బండ పగలగొట్టి చూపించాడు. తెల్లటి పలుగురాయి ఒకచోట పొగచూరినట్టు నల్లబారింది. పక్కన ఫెల్డ్‌స్పార్ ఇటుకరంగు తిరిగింది. ఆ మసి మధ్యలోంచి నలుపక్కలకీ సన్నటి పగుళ్లు, దెబ్బతిన్న అద్దంలోలాగా. పగుళ్లు ఎక్కడ కలుస్తున్నాయో అక్కడ ఉలి పెట్టాడు. రేగిపండంత నల్లముక్క ఊడిపడింది. పైన పసుపూ గోధుమా కలిసిన తుప్పుపొర. పగిలిన ముఖం మాత్రం గాజులా, గవ్వ లోపలి వంపులా నున్నగా, నూనె రాసినట్టు మెరిసింది.

“పొయ్యి కాడ గోడ నల్లబడ్డట్టు దీని సుట్టూ రాయి నల్లబడతది. లోపల ఏదో నిప్పు ఉండాలి గదా?” అన్నాడు తాత.

బళ్లో చదివిన నేను నవ్వాను. రాయిలో నిప్పేంటి అని.

అలాంటి ముక్కలు పదో పన్నెండో ఏరి నా జామెట్రీ బాక్సులో దాచుకున్నాను. రాత్రి అది తలగడ పక్కనే ఉండేది.

1969 ఎండాకాలంలో ఊళ్లోకి జీపు వచ్చింది. అణు ఇంధన శాఖవాళ్లని చెప్పారు. పొలిమేర చింతతోపులో గుడారాలు వేశారు. వాళ్లలో ఒక కుర్ర జియాలజిస్టు, గోదావరి యాస. మొదటిరోజే డంపు దగ్గరికి వచ్చి, నల్లరాళ్లు ఏరే ముసలాయన ఎవరని అడిగాడు. గనివాళ్లు మా ఇల్లు చూపించారు.

ఆయన అవ్వ ఇచ్చిన మజ్జిగ తాగుతూ తాత పంచె కొంగు రాళ్లు చూశాడు. తన సంచిలోంచి ఆరు నల్లరాళ్లు తీసి వరసగా పెట్టాడు. “తాతగారూ, వీటిలో ఏవేంటో చెప్పగలరా?” అన్నాడు. తాత కళ్లు మూసుకున్నాడు. ఒక్కోటీ ఎగరేసి రెండు ఎడంపక్క, మూడు కుడిపక్క పెట్టి, ఒకదాని దగ్గర ఆగాడు. మళ్లీ ఎగరేశాడు. “ఇది మా ఊరి రాయి గాదు సారూ” అన్నాడు. ఆ కుర్రాయన గ్లాసు కింద పెట్టేశాడు. ఆ రాయి రాజస్థాన్‌ది.

తర్వాత ఆయన కళ్లు ఆవకాయ జాడీ మీద పడ్డాయి.

“అమ్మా, ఆ రాయి ఒకసారి చూడొచ్చా?”

“సూడు నాయనా. ఊరగాయ తీసేది గాదు గానీ, రాయి సూడు.”

ఆయన ఎత్తాడు. చెయ్యి కిందికి పోలేదు, అలవాటున్న చెయ్యి. అంగడి నుంచి తక్కెడ తెప్పించాడు. ముందు మామూలుగా తూచాడు. తర్వాత రాయికి పురికొస కట్టి, తక్కెడ చిప్ప కింద వేలాడదీసి, నీళ్ల బకెట్లో మునిగేలా పెట్టి మళ్లీ తూచాడు. వీధి పిల్లలందరూ చుట్టూ మూగారు. గాలిలో 1,020 గ్రాములు. నీళ్లలో 850. తేడా 170. మా చేతే బలపంతో గచ్చు మీద లెక్క చేయించాడు. 1,020ని 170తో భాగిస్తే 6. అంటే అంతే పరిమాణం నీటికి ఆరు రెట్ల బరువు. “తాతగారి చెయ్యి చెప్పింది ఈ ఆరే. ఆయన నీళ్లు లేకుండా చెప్పాడు, నేను బకెట్ తెప్పించాను” అన్నాడు.

అది కొలంబైట్, టాంటలైట్ కలిసిన రాయి. కొలంబైట్ 5 పైచిలుకు, టాంటలైట్ 8 దాకా. 6 అంటే కొలంబైట్ పాలే ఎక్కువ, టాంటలం కూడా కొంత ఉందన్నమాట. దాని కథ కూడా ఆయనే చెప్పాడు. అమెరికాలోని కనెక్టికట్ నుంచి వచ్చిన ఒక నల్లరాయి లండన్‌లో బ్రిటిష్ మ్యూజియం అరలో ఏళ్లతరబడి పడి ఉందట. 1801లో ఛార్లెస్ హాచెట్ అనే రసాయన శాస్త్రవేత్త దాన్ని పరీక్షించి కొత్త మూలకం పట్టుకున్నాడు. కొలంబియం అన్నాడు. మరుసటి ఏడాది స్వీడన్‌లో ఎకెబెర్గ్ టాంటలం కనిపెట్టాడు. ఆ పదార్థం ఆమ్లంలో మునిగి ఉన్నా ఆమ్లాన్ని తనలోకి తీసుకోదు. అందుకని, గ్రీకు కథలో గొంతుదాకా నీళ్లలో నిలబడీ దాహం తీరని టాంటలస్ పేరు పెట్టాడు. 1844లో హైన్రిఖ్ రోజ్ హాచెట్ మూలకానికి టాంటలస్ కూతురు నయోబీ పేరు మీద నయోబియం అని పెట్టాడు. ప్రపంచమంతా ఆ పేరే ఖాయం చేసుకోవడానికి ఇంకో వందేళ్లు పట్టింది. మ్యూజియం అరలో ఉన్నా, ఆవకాయ జాడీ మీద ఉన్నా నల్లరాయి ఎదురుచూడటం ఒకటేనని అప్పుడు నాకు అనిపించలేదు. ఇప్పుడు అనిపిస్తోంది.

కథ వింటూనే నేను నా జామెట్రీ బాక్సు తెచ్చాను. ఆయన మెడలో వేలాడుతున్న పెట్టె అప్పటిదాకా ఆగి ఆగి టక్, టక్ అంటోంది. గైగర్ కౌంటర్. బాక్సు మూత తీయకముందే అది వేరుశనక్కాయలు వేపినట్టు చిటపటలాడింది. ఆయన మొహంలో నవ్వు పోయింది. బాక్సు తీసుకుని, మూత తెరిచి, ఒక ముక్కను వెలుతురులోకి ఎత్తాడు.

“సమర్‌స్కైట్” అన్నాడు. “ఎన్నాళ్ల నుంచి ఉంది నీ దగ్గర? ఎక్కడ పెట్టుకుంటున్నావ్?”

తలగడ పక్కన అనేసరికి అవ్వ గుండె మీద చెయ్యి వేసుకుంది. ఆయన సర్దిచెప్పాడు. ఇవి చిన్న ముక్కలే, ఏమీ కాదు. కానీ ఇంట్లో పెట్టుకోకూడదు, నోట్లో పెట్టకూడదు, పొడి చేసి పీల్చకూడదు. అందులో యురేనియం ఉంటుందని, ఇట్రియం, నయోబియం, టాంటలం ఉంటాయని చెప్పాడు. దాన్నుంచి వచ్చే కిరణాలు కోట్ల ఏళ్లపాటు తగిలి పక్కనున్న పలుగురాయి పొగచూరిపోతుంది. ఆ కిరణాలే రాయి లోపలి అణువుల వరసను కూడా చెదరగొడతాయి. అందుకే స్ఫటికంలా కాకుండా గాజులా పగులుతుంది. రష్యా గనుల అధికారి సమర్‌స్కీ పేరు ఈ రాయికి పెట్టారట. 1879లో బ్వాబోద్రాన్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త ఇందులోనే కొత్త మూలకం కనిపెట్టి సమారియం అన్నాడు. అలా ఒక మనిషి పేరు రాయి మీదుగా మూలకానికి వెళ్లింది. శంకర గని సమర్‌స్కైట్ ప్రపంచంలో భూగర్భ శాస్త్రవేత్తలకు ఎప్పటినుంచో తెలుసునని, యురేనియం ఎంత సీసంగా మారిందో చూసి మా రాళ్ల వయసు దాదాపు 160 కోట్ల ఏళ్లని లెక్కకట్టారని కూడా చెప్పాడు.

ఇదంతా తాత నిశ్శబ్దంగా విన్నాడు. చివర్లో నా వైపు తిరిగి ఒకే మాట అన్నాడు.

“నిప్పు ఉండాదని జెప్పలా?”

ఆ ఎండాకాలం రెండు నెలలు తాత సర్కారు మనిషి. జీపు ముందు సీట్లో కూర్చుని డంపు డంపుకీ తిరిగాడు. జీపు ఎక్కేటప్పుడు చెప్పులు విడిచి చేత్తో పట్టుకునేవాడు. గూడూరు సంతకు తప్ప ఊరు దాటని మనిషి ఆ పట్టీ అంతా చూశాడు. వాళ్లు కౌంటర్ పెట్టి వెతికేవాళ్లు, ఆయన చెయ్యి పెట్టి వెతికేవాడు. కొలంబైట్ కిరణాలు పెద్దగా ఇవ్వదు కాబట్టి అక్కడ కౌంటర్ మూగది. అక్కడ చెయ్యే మాట్లాడాలి.

ఆ రాళ్లు ఎవరికి పడితే వాళ్లకు అమ్మకూడదని, అణుశక్తి చట్టం కింద ప్రభుత్వానికే అప్పజెప్పాలని మాకు అప్పుడే తెలిసింది. అప్పటిదాకా మా గనిలో ఒక గుమాస్తా పిల్లల దగ్గర నల్లరాళ్లు గుప్పెడు బొరుగులకు తీసుకునేవాడు. ఆ తర్వాత కూడా అంతే తీసుకున్నాడు గానీ రసీదులన్నీ గని పేరు మీద రాయించాడు. ఏరినవాళ్ల పేర్లు ఎక్కడా ఎక్కలేదు. ఏరు నిండా పారినా కుక్కకు గతుకునీళ్లే అని అవ్వ ఆ రోజుల్లో తరచూ అనేది. ఎవర్ని అంటోందో పేరు చెప్పేది కాదు.

జీపు వెళ్లిపోయే ముందు కుర్ర జియాలజిస్టు మొహమాటపడుతూ మా ఇంటికి వచ్చాడు. జాడీ మీది రాయి కూడా లెక్క ప్రకారం ఇచ్చేయాలి. అవ్వ ఒప్పుకోలేదు.

“ఊరగాయ మీద నేనేం బెట్టుకునేది? పిల్లులు తిరగతాండాయి.”

ఆయన మారుమాట్లాడకుండా వెళ్లాడు. మర్నాడు గూడూరు బజారు నుంచి కొత్త ఇనుప తూకం రాయి, ముద్ర వేసిన కిలో, కొని తెచ్చి అవ్వ చేతిలో పెట్టాడు. నల్లరాయి తీసుకుని గుడ్డలో చుట్టి, ఒక చీటీ మీద ఊరిపేరు, తేదీ రాసి కట్టాడు. దాని కింద తాత పేరు కూడా రాశాడు. మా ఇంట్లో ఎవరి పేరైనా సర్కారు కాగితం మీద నీలం సిరాతో ఎక్కడం నేను చూసింది అదే మొదటిసారి.

తాత మరో మూడేళ్లు బతికాడు. ఆయన దగ్గును ఒక ఆసుపత్రిలో టీబీ అన్నారు, టీబీ మందులే ఇచ్చారు. పలుగురాయి తొలిచేటప్పుడు లేచే ధూళి ఊపిరితిత్తుల్లో చేరి గట్టిపడుతుందని, దానికి సిలికోసిస్ అని పేరుందని నేను పట్నంలో చదువుకునేటప్పుడు తెలిసింది. తల తిప్పలేనంత దగ్గులో కూడా ఎవరైనా పిల్లవాడు రాయి తెస్తే అరచెయ్యి మాత్రం చాచేవాడు.

ఆయన తర్వాత గనులు కూడా ఒక్కొక్కటే ఊపిరి వదిలాయి. వాల్వుల రేడియోలు పోయి ట్రాన్సిస్టర్లు వచ్చాయి. కండెన్సర్లు సిరామిక్‌తోనూ ప్లాస్టిక్ పొరలతోనూ చేయడం మొదలెట్టారు. మైకా తుక్కునే నలిపి కాగితంలా చేసే పద్ధతి వచ్చాక పెద్ద రేకుల అవసరమే తగ్గింది. 1970ల్లో ఎగుమతి ప్రభుత్వ సంస్థ చేతికి వచ్చింది. సోవియట్ యూనియన్ కొన్నంతకాలం షెడ్లు కుంటుతూ నడిచాయి. 1991లో ఆ దేశమే లేకుండా పోయింది. ఇంకో సంగతి నన్ను చాలాకాలం వదల్లేదు. ట్రాన్సిస్టర్ల కాలంలో చిన్న జాగాలో ఎక్కువ విద్యుత్తు నిలవచేసే కండెన్సర్లు కావలసి వచ్చి, వాటిని టాంటలంతో చేశారు. అంటే అమ్మ షెడ్డులో చీల్చిన రేకులకు కాలం చెల్లుతున్నప్పుడే, డంపులో పారేసిన నల్లరాయికి కాలం వచ్చింది. ఏళ్లపాటు అవి రెండూ పక్కపక్కనే ఉన్నాయి. ఒకటి పెట్టెలో, ఒకటి గుట్టలో.

షెడ్డు ఆడవాళ్లు కొందరు గూడూరు నిమ్మకాయల మార్కెట్లో కాయలు ఏరే పనికి కుదిరారు. చూడకుండానే సైజు పట్టే వేళ్లు కదా, అక్కడా నంబర్ల ప్రకారమే కుప్పలు పోశాయి. మా అమ్మ ఆఖరుదాకా నిమ్మకాయను చేతిలోకి తీసుకుని, “ఇది అయిదో నంబరు” అని నవ్వేది.

ఆమధ్య ఊరికి వెళ్లాను. గని ఉన్నచోట నీళ్లు నిలిచి చెరువైంది, తామరలు కూడా పూస్తున్నాయి. చుట్టూ నిమ్మతోటలు. షెడ్డు గోడల్లో రెండు మిగిలాయి. డంపు మాత్రం లేదు. ఒకప్పుడు ఎవరూ ముట్టుకోని తెల్లరాయికి ఇప్పుడు గిరాకీ. పలుగురాయి, ఫెల్డ్‌స్పార్ ఏరి లారీలకెత్తారు. మిగతాది రోడ్లకు పోసుకున్నారు. నేను ఆడుకున్న గుట్ట ఇప్పుడు ఏ ఊరి తారురోడ్డు కిందో ఉంది.

ఒకప్పుడు గుట్ట మొదలున్నచోట, తుమ్మచెట్ల కింద, ఒక నల్లరాయి కనిపించింది. పొడవుగా, గాళ్లతో, నిగనిగలాడుతూ. వంగి తీసుకున్నాను. చూపు ఇదే అంది. చెయ్యి కాదంది. దొంగరాయి. దాన్ని అక్కడే పారేశాను గానీ, చెయ్యి ఇంకా మరిచిపోలేదని తెలిసి చాలాసేపు అరచెయ్యి చూసుకుంటూ నిలబడ్డాను. అమ్మ వేళ్లలోని నంబర్లు, తాత అరచేతిలోని ఆరు, ఇవి ఏ రసీదులోనూ ఎక్కని సరుకు. బళ్లో చెప్పేవి కావు, పుస్తకంలో రాసిపెట్టేవి కావు. పక్కన కూర్చోబెట్టుకుని ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతిలోకి పెట్టాలి. పెట్టడానికి మా పిల్లల దగ్గర డంపు లేదు, సాయంత్రాలూ లేవు.

ఆ ఇనుప కిలో రాయి ఇప్పుడు నా దగ్గరే ఉంది. మా ఆవిడ ఆవకాయ ఫ్రిజ్‌లో పెడుతుంది కాబట్టి నా బల్ల మీద కాగితాలు ఎగరకుండా కాపలా కాస్తోంది. అవ్వ దాన్ని జాడీ మీద పెట్టుకుంది గానీ ఏనాడూ మెచ్చలేదు. వీధివాళ్లు తూకానికి అడిగితే ఇచ్చేది. ఇస్తూ ఒక మాట అనేది. 20 గ్రాముల సంగతి ఆమె మరిచిపోలేదు. ఆ 20 గ్రాములే కాదేమో కూడా.

“తీసకపో. ఆ రాయి లెక్క గాదులే ఇది. ఇది ఒట్టి కిలో.”